‘సైకో’ చిత్రమున కనబడని యిల్లాలు



క్రిందటి నెలలో మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము నవ్వించినది. నవ్వించి ఆలోచింపజేసినది కూడ. ఒక సోదరియు, ఆమె కుమార్తెయు ఒక రాత్రి ఇంటిలోనే టెలివిజనుపై ‘సైకో’ యను పాత అమెరికా చిత్రమును చూచిరట. నాటినుండి ఆ పిల్ల స్నానమునకు బోవునపుడెల్ల తల్లిని గది తలుపు వద్ద కావలి నిలుపుచున్నదట. “ఇట్టి చిత్రమును తీసిన మహానుభావునితో ఆ యింటి యిల్లాలు ఎట్లు వేగినదో మీకేమైన దెలియునా?” యని ఆ సోదరి యడిగినది. వేళాకోళమున కడిగియుండవచ్చును గాని, ఆ ప్రశ్నకు జవాబు కలదు. ఆ జవాబులో నొక తగవు కూడ కలదు. ఈ మాసము మా ముచ్చట దానిని గూర్చియే.

చిత్రమును చూడనివారి కొఱకు ముందు కథ కొంచెము చెప్పవలెను. అమెరికాలో ఫీనిక్సు నగరమున నొక కచేరీలో మేరియన్ క్రేన్ అను యువతి గుమాస్తా పని చేయుచుండును. ఆమె వలచినవానికి అప్పులు మెండు. అవి తీరినగాని పెండ్లి లేదు. ఇట్టి స్థితిలో యజమాని బ్యాంకులో కట్టి రమ్మని యిచ్చిన 40,000 డాలర్లను ఆమె తీసికొని కారులో పారిపోవును. రాత్రివేళ వానలో పెద్దబాట తప్పి, బాటసారులు దిగు నొక చిన్న బసకు చేరును. దానిని అక్కడివారు మోటెలు అందురు. బసను నడపువాడు నార్మన్ బేట్సు అను సిగ్గరి యువకుడు. వెనుక మిట్టమీది పాత మేడలో అతని తల్లి. కథ సగమైనను గడువకముందే మేరియన్ స్నానము చేయుచుండగా హత్య చేయబడును. అటుపైని సంగతి మేము చెప్పము. కథాంతమును ఎవరికిని చెప్పవలదని డైరెక్టరు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో ప్రేక్షకులను వేడుకొనెను. అఱువదియేండ్లు దాటినను ఆ మాటను మన్నించుటయే మర్యాద.

ఈ కథకు మూలము 1959లో రాబర్ట్ బ్లాక్ అను నాతడు ప్రచురించిన నవల. దానిని హిచ్‌కాక్ దృష్టికి తెచ్చినది ఆయనకు సహాయకురాలుగా నున్న పెగ్గీ రాబర్ట్‌సన్ అను స్త్రీయే. కొనువారెవరో తెలియనీయకుండ మధ్యవర్తిచే బేరము చేయించి సుమారు 9,000 డాలర్లకు హక్కులు కొనిరి. కొన్నవాడు హిచ్‌కాక్ అని బ్లాకునకు తరువాత దెలిసినది. తెలిసిన పిమ్మట ఆయన యెంత నొచ్చుకొనెనో ఊహించుకొనవచ్చును.

కాని ఆయన చిత్రములను విడుదల చేయు పారమౌంటు కంపెనీవారికి ఈ కథ కిట్టలేదు. ఇంత నీచమైన కథకు ఎప్పటివలె ధనము పెట్టజాలమనిరి. అప్పుడు హిచ్‌కాక్ ఒక సాహసము చేసెను. తనకు రావలసిన రెండున్నర లక్షల డాలర్ల ప్రతిఫలమును అప్పటికి విడిచి, దానికి బదులుగా చిత్రములో నూటికి 60 వంతుల హక్కు పుచ్చుకొనెను. చిత్రమును తన సొంత సంస్థ పేరనే తీసెను. ఆ సంస్థ పేరు షామ్లీ. ఇంగ్లండులో ఆ దంపతులకు తొలిరోజులలో నొక చిన్న యిల్లుండిన పల్లె పేరది. భర్త తన జీతమును వదలుకొని, కాపురము పెట్టిన యూరి పేరిటి సంస్థను పందెమునకు ఒడ్డినాడన్నచో, ఆ పందెములో ఇల్లాలు కూడ ఉన్నట్లే గదా!

ధనము తక్కువైనపుడు గృహిణులు చేయు పనులన్నియు హిచ్‌కాక్ ఈ చిత్రమునకు చేసెను. పెద్ద పెద్ద జీతముల పనివారిని విడిచి, తన టెలివిజను కథలను చకచక తీయుచుండిన పనివారినే తెచ్చెను. రంగుల చిత్రము గాక నలుపు తెలుపులలో తీసెను. ఇందు ఖర్చు కలిసివచ్చుటయే గాక, ఎఱ్ఱని నెత్తురు చూచి జనులు వెగటుపడు బాధయు తప్పినది. మొత్తము సుమారు 8 లక్షల డాలర్లతో పని ముగించెను. దానికి ముందటి యేడు వచ్చిన ఆయన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ చిత్రమునకు 40 లక్షలకు మించి వ్యయమైనది.

బట్టల విషయమున ఆయన చేసినది మాకు మిక్కిలి నచ్చినది. సినిమా తారకు ప్రత్యేకముగా ఉడుపులు కుట్టించుట అక్కడి వాడుక. హిచ్‌కాక్ దానిని వలదనెను. గుమాస్తా పిల్ల తన జీతముతో ఎట్టి గౌను కొనగలదో అట్టిదే అంగడిలో కుట్టి సిద్ధముగా నున్నదానిని కొనిపించెను. అంతటితో ఆగక ఫీనిక్సు నగరమునకు మనుష్యులను బంపి, అట్టి ఉద్యోగము చేయు పిల్ల నివసించు నిల్లెట్లుండునో, ఆమె అలమారలో ఎన్ని బట్టలుండునో, సొరుగులలో నేమేమి దాచుకొనునో ఫోటోలు తీయించి తెప్పించెను. ఇంకొకటి. ధనము దొంగిలింపక ముందు మేరియన్ ధరించిన లోదుస్తులు తెల్లనివి. దొంగిలించిన పిమ్మట నల్లనివి. చేతిసంచియు అట్లే తెలుపునుండి నలుపునకు మాఱును. మేము రెండు మారులు చూచియు దీనిని గమనింపలేదు. మూడవమారు గమనించి, ఇన్నాళ్లు మా కన్నులేమి చేయుచుండెనా యని సిగ్గుపడితిమి.

ఇక ఆ స్నానపు ఘట్టము. పీట వేసికొని చెంబుతో నీళ్లు పోసికొని పెరిగిన మావంటివారికి అక్కడి యేర్పాటు కొంత వింతగా దోచును. తొట్టిలో నిలిచి, తలపైని గొట్టమునుండి జల్లువలె పడు నీటిక్రింద స్నానము చేయుదురు. నీరు గదిలోనికి చిందకుండ తొట్టి ప్రక్కను పలుచని తెర వ్రేలాడుచుండును. తెర కావల నెవరేని వచ్చి నిలిచినచో లోనివారికి నీడ మాత్రమే గోచరించును. ఆ నీళ్ల చప్పుడులో అడుగుల చప్పుడు వినబడదు. భయమంతయు ఆ తెరలోనే యున్నది.

తెరపై ఆ హత్య ముప్పాతిక నిమిషము కంటె ఎక్కువ యుండదు. దానిని తీయుటకు 1959 డిసెంబరులో ఏడు దినములు పట్టినది. కెమెరాను డెబ్బదికి పైగా తావులలో నిలిపి తీసిరి. కత్తి లేచుటయు దిగుటయు కనబడునే గాని, శరీరమున గ్రుచ్చుకొన్నట్లు చూపిన ముక్క దాదాపు లేదు. చూచువారు తామే చూచితిమనుకొందురు! తొట్టిలో పాఱిన నెత్తురు చాక్లెట్ పాకము. నలుపు తెలుపుల చిత్రములో దానికి మించిన నెత్తురు దొరకదట. కత్తిపోటు చప్పుడునకు హిచ్‌కాక్ పలువిధముల ఖర్బూజా జాతి పండ్లను తెప్పించి, తాను కన్నులు మూసికొని కూర్చుండి, ఒక్కొక్కదానిని పొడిపించి వినెను. అన్నియు విన్న పిమ్మట ‘కసాబా’ యను నొక తెగ పండు పేరు చెప్పి లేచిపోయెనట. నీటి గొట్టమును క్రిందనుండి సూటిగా చూపవలసినపుడు కెమెరా తడిసిపోవును గదా. అందులకు ఆ గొట్టపు మూతిని మిక్కిలి పెద్దదిగా చేయించి, నడిమి రంధ్రములను మూసివేసిరి. నీరు కెమెరాకు ఇరుప్రక్కల బడినది. నడుమ నిలిచినది తడియలేదు.

మేరియన్ వేషము ధరించినది జెనెట్ లీ యను ప్రసిద్ధ నటి. ఒడలు కనబడవలసిన ముక్కలకు మార్లీ రెన్‌ఫ్రో అను మఱియొక యువతిని నియమించిరి. జెనెట్ లీ మానము కాపాడుటకు ఆమె దేహమునకు చర్మపు రంగు గుడ్డముక్కలు అంటించిరి. వేడినీటి ఆవిరికి నొకమారు అవి ఊడసాగెను. అప్పుడామె చచ్చినదానివలె తొట్టి అంచున బడియుండవలెను. కదలినచో ముక్క చెడును, మరల మొదటినుండి తీయవలెను. కదలక ఊరకుంటినని ఆమెయే తరువాత చెప్పినది. సిగ్గు కన్న పని ముఖ్యమని ఆ క్షణమున ఆమెకు దోచినదట. ఈ సంగతి చదివినపుడు మాకు కొంత జాలియు, కొంత గౌరవమును కలిగినవి.

హిచ్‌కాక్ కొంటెతనమును గూర్చి ఒకటి చెప్పి ముందునకు బోవుదము. చిత్రములోని ముసలితల్లి కొఱకు భయంకరమైన బొమ్మలను పెక్కింటిని చేయించిరి. ఏది మంచిదో తేల్చుటకు ఆయన వానిని ఒక్కొక్కటిగా జెనెట్ లీ అలంకరణ గదిలో కుర్చీపై కూర్చుండబెట్టించెడివాడు. ఏ బొమ్మకు ఆమె గట్టిగా కేక వేసెనో ఆ బొమ్మయే నెగ్గినది. ఇక తల్లి వేషమునకు ఎవరినో గొప్ప నటిని నియమించుచున్నారని లోకము నమ్ముటకై స్టూడియోలో ‘శ్రీమతి బేట్సు’ అని వ్రాసిన కుర్చీ నొకదానిని వేయించెను. ఆ తల్లి కంఠము ఒకరిది కాదు. వర్జీనియా గ్రెగ్, జెనెట్ నోలన్ అను నటీమణులును, పాల్ జాస్మిన్ అను యువకుడును పలికిన మాటలను కలిపి కూర్చిరి. వీరి పేళ్లు చిత్రమున నాడు వేయలేదు.

పేళ్ల ప్రసక్తి వచ్చినది గనుక ఇప్పుడు తగవు చెప్పెదము. ఆ ముప్పాతిక నిమిషము లోకప్రసిద్ధమైన పిమ్మట దాని కీర్తికై మగవారిలో వాదము పుట్టినది. సాల్ బాస్ అను చిత్రకారుడు ఆ ఘట్టమును ముందుగా బొమ్మలుగా గీసి యిచ్చెను. చిత్రపు మొదటి అక్షరములను కూర్చినదియు ఆయనయే. కొన్నియేండ్ల తరువాత ఆయన ఆ ఘట్టమునకు డైరెక్షను కూడ తానే చేసితిననెను. ఏడు దినములు నీటిలో నిలిచిన జెనెట్ లీ దానిని గట్టిగా ఖండించినది. ప్రతిదినము, ప్రతిముక్కకు హిచ్‌కాక్ అచటనే యుండి తీసెనని ఆమె సాక్ష్యము. ఈ వాదమును గూర్చి పుటలకొలది వ్రాసినవారు కలరు. కాని ఆ ఘట్టములోని పెద్ద తప్పును పట్టి, దానిని రక్షించినవారు వేఱొకరు. ఆమె పేరు ఆల్మా రెవిల్. హిచ్‌కాక్ భార్య.

చిత్రము పూర్తియై, ఇక ప్రతులు తీయుటకు బంపుద మనుకొన్న సమయమున దానిని వేసి చూచిరట. ఎడిటరు చూచెను, డైరెక్టరు చూచెను. అందఱును నెలలకొలది ఆ ముక్కలతోనే కాపురము చేసినవారు. అందఱును సరియేననిరి. ఆల్మా మాత్రము ఇది పంపుటకు వీలులేదనెను. మేరియన్ చచ్చి నేలపై బడియున్నపుడు కెమెరా ఆమె తెఱచిన కంటినుండి మెల్లగా వెనుకకు వచ్చును గదా. అక్కడ చచ్చిన మనిషి కదలినదనెను. గుటక వేసినదని కొందఱును, ఊపిరి పీల్చినదని కొందఱును ఈ కథను చెప్పుదురు. ఏదైనను కనురెప్పపాటు కాలపు ముచ్చట. మరల వేసి చూడగా నిజమే! ఆ కొంచెపు భాగమును కత్తిరించి సరిచేసిరి. అట్లే విడిచియుండినచో తొలిదినముననే ఎవరో యొకరు పక్కున నవ్వియుందురు. ఒకరు నవ్విరా, ఆ రాత్రి భయమంతయు గంగలో కలిసినట్లే. ఎనిమిది లక్షల డాలర్లును, వదలుకొన్న జీతమును దానితోడనే.

ఇంటివారలందఱును దాటిపోయిన మరకను చూచు కన్ను ఇల్లాలికి సహజమని కొందఱు దీనిని తేలికగా దీసివేయుదురు. మే మొప్పుకొనము. అది సహజము కాదు, నేర్చిన విద్య. ఆల్మా 1899 ఆగస్టు 14వ తేదీన పుట్టినది. భర్త కంటె ఒక్క దినము చిన్న. పదునాఱేండ్ల వయస్సున లండను దగ్గఱి ట్విక్కెన్‌హామ్ స్టూడియోలో ప్రవేశించి, ఫిల్ము ముక్కలను కత్తిరించి అతికించు పని నేర్చినది. హిచ్‌కాక్ ఇంకను మూగచిత్రములకు అక్షరముల అట్టలు గీయుచున్న దినములలోనే ఆమె ఎడిటరు. తనకంటె పైమెట్టులో నున్న ఆ పిల్లతో మాటలాడుటకు సాహసింపక, తనకు గొప్ప పదవి వచ్చువఱకు ఊరకుంటినని హిచ్‌కాక్ ముదిమిలో చెప్పుకొనెను. 1923లో వచ్చిన ‘వుమన్ టు వుమన్’ చిత్రమునకు సహాయ డైరెక్టరు కాగానే, ఎడిటరుగా రమ్మని ఆమెకు టెలిఫోను చేసెనట. 1926 డిసెంబరులో వారి పెండ్లి జరిగినది. అటుపై ‘సస్పిషన్’, ‘షాడో ఆఫ్ ఎ డౌట్’ మొదలైన చిత్రముల రచనలో ఆమె పేరు ప్రకటింపబడినది. ‘సైకో’ నాటికి పేరు లేదు, పని మాత్రము నిలిచినది.

ఆమె కూతురు పెట్రీషియా ఈ చిత్రములో మేరియన్ తోడి గుమాస్తాగా నటించినది. తలనొప్పి యన్నవెంటనే మాత్రలు ఇచ్చెదనని, అవి తన పెండ్లినాడు తల్లి వైద్యునిచే నిప్పించినవని గడగడ మాటలాడు పిల్ల ఆమెయే. ఆ పెట్రీషియాయే 2003లో తల్లిని గూర్చి ఒక పుస్తకము ప్రచురించినది.

సంగీతము సంగతియు ఇట్టిదే గాని, అక్కడ చేసినవానికి చేసినంత ఫలము దక్కినది. స్నానపు ఘట్టమునకు సంగీతమే వలదని హిచ్‌కాక్ తలంపు. నీళ్ల చప్పుడును, కేకలును చాలుననెను. బెర్నార్డ్ హెర్మన్ ఆ మాట చెవిని బెట్టక, తీగవాద్యములతో మాత్రమే పిట్టలు కీచుమన్నట్లు ఒక వరుస కట్టెను. విన్న పిమ్మట హిచ్‌కాక్ తన మాటను వెనుకకు దీసికొని, హెర్మన్ ప్రతిఫలమును పెంచెను. చిత్రపు ప్రభావములో మూడవవంతు సంగీతమునదే యని బాహాటముగా నొప్పుకొనెను. చిత్రపు పేళ్లలో హెర్మన్ పేరు పెద్దదిగానే యున్నది.

సెన్సారువారి కథ నొకటి చెప్పక తప్పదు. స్నానపు ఘట్టమున నటి దిగంబరముగా కనబడినదని వారిలో కొందఱును, కనబడలేదని కొందఱును వాదులాడిరట. హిచ్‌కాక్ చిత్రమును తెప్పించుకొని, ఏమియు మార్చకయే మరల బంపెనట. ఈమారు మొదట చూచినవారికి కనబడలేదు, చూడనివారికి కనబడినది! సంభాషణలు వ్రాసిన జోసెఫ్ స్టెఫానో ఈ మాట చెప్పెను.

1960 జూను 16వ తేదీన న్యూయార్కులో చిత్రము విడుదలయ్యెను. ఆట మొదలైన పిమ్మట ఎంతటివారినైనను లోనికి రానీయరాదని హిచ్‌కాక్ కట్టడి చేసెను. నాయిక సగములోనే చనిపోవును గదా, ఆలస్యముగా వచ్చినవారు ఆమె యెక్కడనని వెదకుదురు. ఎప్పుడు పడిన నప్పుడు లోనికి బోవుట యలవాటైన అక్కడి జనులు గంటలకొలది వీధిలో వరుసలు తీరిరి. పెట్టిన ధనమునకు పెక్కురెట్లు వచ్చినది. ఒక తండ్రి హిచ్‌కాక్‌నకు జాబు వ్రాసెనట: ఒక ఫ్రెంచి చిత్రము చూచి మా పిల్ల తొట్టిస్నానము మానినది, మీ చిత్రము చూచి జల్లుస్నానమును మానినది, ఇక నేమి చేయుదును? అని. నీరు తగులకుండ బట్టలు శుభ్రపఱచు దుకాణమునకు బంపుడని ఆయన జవాబు. నవ్వవలదు, జెనెట్ లీ కూడ తెరపై తన్ను తాను చూచుకొన్న పిమ్మట జల్లుస్నానము మాని, తొట్టిస్నానమునకే మఱలినది. కావున మాకు జాబు వ్రాసిన సోదరి కుమార్తెకు తోడు లేకపోలేదు.

ఇక ఆ సోదరి యడిగిన ప్రశ్న. 1979లో అమెరికన్ ఫిల్ము ఇన్‌స్టిట్యూటువారు హిచ్‌కాక్‌నకు జీవితసాఫల్య పురస్కారము నిచ్చిరి. ఆయనకు నడుచుటయు కష్టముగా నుండెను. పేరు పేరున ఎందఱికో కృతజ్ఞత చెప్పుటకు కాలము లేదు, నలుగురి పేళ్లు మాత్రము చెప్పనిండని ఆయన సభవారిని కోరెను. మొదటివారు ఒక ఫిల్ము ఎడిటరు. రెండవవారు కథారచయిత. మూడవవారు తన కూతురి తల్లి. నాల్గవవారు ఇంటి వంటగదిలో అద్భుతములు చేయు వంటమనిషి. ఈ నలుగురి పేరును ఆల్మా రెవిల్ అనెను. ఆల్మా ఆ సభలో ఆయన ప్రక్కనే కూర్చుండియుండెను. మఱుసటి యేడు ఏప్రిలులో ఆయనయు, 1982 జూలైలో ఆమెయు గతించిరి.

మాటలో ఇంత నిండుగా చెప్పినవాడు, తెరపై నొక్క పంక్తి వేయించియుండరాదా యని మాకు దోచును. పెగ్గీ రాబర్ట్‌సన్‌కును, మార్లీ రెన్‌ఫ్రోకును కూడ ఆ పంక్తి దక్కలేదు. చిత్రపు పేళ్ల వరుసలో నేమో ఆడువారి లోదుస్తులను నలుపు తెలుపులుగా ఏరి పెట్టినంతటి శ్రద్ధ చూపలేదు.

సోదరీ, మీ అమ్మాయి ధైర్యము చిక్కినపుడు ఆ చిత్రమును మరల నొకమారు చూపుడు. నెత్తురు చాక్లెట్ పాకమనియు, పోటు ఖర్బూజాదనియు ముందే చెప్పి కూర్చుండబెట్టుడు. మేరియన్ నేలకొరిగిన పిమ్మట కెమెరా కంటినుండి వెనుకకు జరుగు నప్పుడు ఆమె గొంతునే చూడుమనుడు. అది కదలదు.